మరిది గడ్డం

మా ఆయన శ్రీరామరాజుకి పక్షవాతం వచ్చిన రోజు, ఆయన్ని అందరికన్నా ముందు గుర్తుపట్టనన్నది ఆయన ఫోనే.

మధ్యాహ్నం రొయ్యల మేత కొట్టు నుంచి భోజనానికొచ్చి, మజ్జిగ గ్లాసు ఎడమచేత్తో అందుకోబోయి వదిలేశారు. ఏమైందని అడిగేలోపే మూతి ఒక పక్కకి జారిపోయింది. ఆటోలో వేసుకుని భీమవరంలోనే ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. తలలో నరం చిట్లి రక్తం గడ్డకట్టిందనీ, ఈ సాయంత్రమే ఆపరేషన్ చేస్తే మనిషి దక్కవచ్చనీ డాక్టరుగారు చెప్పారు. డబ్బు సంగతి ఆయన ఎత్తలేదు. పెద్ద డాక్టర్లు ఎత్తరు. దానికి కింద వేరే కౌంటరుంటుంది.

కౌంటరులో తబిత అనే అమ్మాయి చాలా మెల్లగా, ఏదో చావు కబురు చెప్పినట్టుగా కట్టాల్సిన మొత్తం చెప్పింది. నా మూతి కూడా కొంచెం జారిందేమో తెలియదు. ఆ ఏడాది చెరువులన్నిటికీ తెగులొచ్చి, మా కొట్టు మా ఆయన కన్నా ముందే మంచం పట్టింది. నా ఒంటి మీది బంగారమంతా తీసిచ్చినా సగానికి రాదు. మిగిలింది ఆయన ఏటా కడుతున్న ఆరోగ్య బీమా. బీమా కంపెనీ యాప్‌లో పేషెంటు తన ముఖం చూపిస్తే అనుమతి వస్తుందనీ, అది రాగానే థియేటరుకి తీసుకెళ్తారనీ తబిత చెప్పింది. థియేటరనే మాట వినగానే స్ట్రెచర్ మీద మా ఆయన కన్ను తిప్పి చూశారు. పాపం, సినిమా పిచ్చి మనిషి, ఆయన జీవితంలో ఆ మాటకి సినిమా హాలని తప్ప వేరే అర్థం లేదు.

ఫోను ముఖం చూసి తెరుచుకునే రకం. ఆయన ముఖం ముందు పెట్టాను. ఎవరో తెలియదంది. నంబరు కొట్టమంది. మా పెళ్ళిరోజు కొట్టాను, కాదంది. మా అమ్మాయి శ్రీసత్య పుట్టినరోజు కొట్టాను, కాదంది. ఇరవయ్యేళ్ళ కాపురం కళ్ళముందు ఒక్కసారి తిరిగింది. ఆయన అభిమాన హీరోకి పేరు తెచ్చిన సినిమా విడుదలైన తేదీ కొట్టాను. తెరుచుకుంది. కోపం తెచ్చుకునే తీరిక కూడా లేకపోయింది.

యాప్ తెరిస్తే గుండ్రటి గీత వచ్చింది. అందులో ముఖం ఉంచి నవ్వమంది, తెలుగులోనే, చాలా మర్యాదగా. నర్సు తల ఎత్తి పట్టుకుంది. ఆయనకి తెలివి ఉంది. ఏం చెయ్యాలో అర్థమైంది. నవ్వబోయారు. సగం నోరు నవ్వింది, సగం కదల్లేదు. ముఖం సరిపోలలేదని తెర మీద ఎర్రగా వచ్చింది. మళ్ళీ నవ్వారు. మళ్ళీ అదే. ఇంకొక్క ప్రయత్నమే మిగిలిందనీ, అదీ తప్పితే రేపు రావాలనీ చెప్పింది. రేపటికి ఆయన ఉంటారో లేదో యాప్‌కి అక్కర్లేదు.

బీమా వాళ్ళకి ఫోను చేశాను. చాలాసేపు సన్నాయి వాయించారు. ఆ తరవాత ఒకబ్బాయి లైన్లోకి వచ్చి, కెమెరా వైపు తిన్నగా చూసి సహజంగా నవ్వాలి మేడమ్ అన్నాడు.

"నవ్వలేకే కదా బాబూ ఆసుపత్రికి తెచ్చింది" అన్నాను.

అతను నా బాధని అర్థం చేసుకున్నానని చెప్పి, ఫిర్యాదు రాసుకుని, తన సేవకి మార్కులెయ్యమన్నాడు.

అప్పుడు చూశాను తెర మీద, పాలసీలో ఆయన పెట్టుకున్న ఫొటో. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. చూడకేం, సినిమా హాలు ముందు ఇంతెత్తు ఫ్లెక్సీలో చూశాను. హీరో కాళ్ళ దగ్గర దణ్ణం పెడుతూ అభిమాన సంఘం ప్రెసిడెంటుగా వేయించుకున్నది. ఫ్లెక్సీ కుర్రాడు రంగు తెల్లబరిచి, పొట్ట, బుగ్గలు నొక్కి పదేళ్ళు తగ్గించాడు. పక్షవాతం రాకముందు కూడా మా ఆయన దానికి సరిపోయి ఉండరు. కానీ ఒక మనిషి సరిపోతాడు.

మా మరిది రంగరాజు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే అచ్చు. ఐసు ఫ్యాక్టరీలో నీడపట్టున పని కాబట్టి తెల్లగా కూడా ఉంటాడు. గోడకి అటు వాళ్ళిల్లు, ఇటు మాది. మాటలు మాత్రం లేవు, అతను ఇంకో హీరో అభిమాని. ఒక సంక్రాంతికి ఇద్దరి హీరోల సినిమాలూ ఒకేరోజు వచ్చాయి. మా ఆయన ఫ్లెక్సీకి అడ్డంగా మరిది ఫ్లెక్సీ లేచింది. తెల్లారేసరికి అందులో హీరోకి తల లేదు. కోసిందెవరో భీమవరమంతటికీ తెలుసు. అప్పటినుంచి మాటా పలుకూ లేవు. మా అత్తగారు పోయినప్పుడు కూడా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పంతులుగారి ద్వారా మాట్లాడుకున్నారు.

ఫోను చేశాను. "మరిదిగారూ, మీ అన్నయ్యకి బాగోలేదు. ఆసుపత్రికి రావాలండి" అన్నాను. అటునుంచి బండి స్టార్టు చేసిన చప్పుడు మాత్రం వినిపించింది.

వచ్చాడు. గడ్డంతో వచ్చాడు. వాళ్ళ హీరో కొత్త సినిమాలో గడ్డంతో ఉంటాడట. వాళ్ళ సంఘమంతా నెలల తరబడి పెంచుతున్నారు. రేపే విడుదల. గడ్డాలతోనే పాలాభిషేకం చేస్తామని ఊరంతా పోస్టర్లు వేశారు. స్ట్రెచర్ దగ్గర నిలబడి అన్నని చూశాడు. దుప్పటి సర్ది, బయటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నేను సంగతి చెప్పాను.

"వదినా, ఇది తప్పు కదండీ. పట్టుకుంటే?"

"పట్టుకుంటే జైలుకి నేనెళ్తాను. అక్కడ సినిమాల గొడవుండదు, సుఖం."

అతను నవ్వలేదు. తబిత మా మాటలన్నీ వింటూనే ఉంది. కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా ఒక్క మాట అంది.

"ఫొటోలో సార్‌కి గడ్డం లేదు మేడమ్."

రంగరాజు చెయ్యి గడ్డం మీదికెళ్ళింది. కొంచెంసేపు నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆ తరవాత లేచి, ఎదురుగా ఉన్న సెలూన్‌కి వెళ్ళాడు. తిరిగొచ్చిన మనిషిని చూస్తే, ఎదురుగా పెళ్ళినాటి మా ఆయన.

ఫోను ఇచ్చాను. తెర మీద వాళ్ళన్నయ్య హీరో తొడ కొడుతూ కనిపించాడు. మరిది కళ్ళు మూసి తెరిచాడు. యాప్ నవ్వమంది. పక్క గదిలో అన్నకి గుండు గీస్తున్నారు. రంగరాజు నవ్వాడు. నేనెప్పుడూ అంత ఏడుపుమొహం నవ్వు చూడలేదు. యాప్‌కి నచ్చింది. ముఖం నిర్ధారణ అయిందని ఆకుపచ్చగా చెప్పింది. తబిత కాగితాలు పైకి పంపించింది.

మా ఆయన బతికారు. ఎంత బతికారంటే, ఇదిగో ఇంత. ఎడమ చెయ్యి, కాలు పనిచెయ్యవు. మాట ముద్దగా, ఎప్పుడో ఒకటి వస్తుంది. అన్నిటికన్నా వింత, ఎడమవైపు అంటూ ఒకటుందని ఆయనకి తెలియదు. కంచంలో కుడివైపు అన్నం తిని లేవబోతారు. నేను కంచం తిప్పి పెడితే, మళ్ళీ వడ్డించాననుకుని తింటారు. ఇలాగే ఉండిపోవచ్చని డాక్టరుగారు అన్నారు.

ఫిజియోథెరపీకి నెలనెలా అనుమతి కావాలి. నెలనెలా ముఖం కావాలి. యాప్ గుర్తుపెట్టుకున్నది మరిది ముఖం. అతను నున్నగా గీసుకుని, మా ఆయన పడుకున్నాక గోడ అవతల నుంచి వచ్చి, నవ్వి వెళ్ళిపోయేవాడు. వాళ్ళ సంఘంలో ప్రెసిడెంటు పదవి పోయిందని తోడికోడలు చెప్పింది.

కొన్ని నెలలకి అతను రావడం మానేశాడు. గోడ మీంచి చూస్తే గడ్డం. ఇంకో సినిమా వస్తోంది. ఎన్నిసార్లని అడగను? ఫిజియోథెరపీ వాళ్ళు అద్దం ముందు మా ఆయన చేత నవ్వు సాధన చేయిస్తున్నారు కదా అని, ఈసారి ఫోను ఆయనకే చూపించాను. సగం నవ్వారు. ముఖం సరిపోలలేదు, అసలు పాలసీదారుణ్ణి తీసుకురండి అంది యాప్. పైకే చదివింది, ఆడగొంతుతో.

ఆయన ఫోను వైపు చాలాసేపు చూశారు. ఇన్నాళ్ళూ ఆ పని ఎలా జరుగుతోందో ఎప్పుడూ అడగలేదు. అడగక్కర్లేకపోయిందేమో. పడుకున్న మనిషి నిద్రపోయాడని నేనెందుకనుకున్నాను?

"తమ్ముణ్ణి... పిలు" అన్నారు.

రంగరాజు వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన కుడిచెయ్యి ఎత్తి తన చెంప మీద బ్రష్షు తిప్పినట్టు చూపించారు. షేవింగ్ సామాను తెచ్చి, గిన్నెలో నీళ్ళు పెట్టాను. తమ్ముడి గడ్డానికి నురగ పూయడం మొదలుపెట్టారు. తనకి కుడివైపు కనిపించే చెంపంతా శ్రద్ధగా పూశారు. ముక్కు దాకా వచ్చి ఆగి, బ్రష్షు గిన్నెలో పెట్టేశారు.

"అయిపోయిందా అన్నయ్యా?"

"అయిపోయింది."

సగం ముఖం తెల్లగా, సగం నల్లగా మరిది నా వైపు చూశాడు. కంచమైతే తిప్పుతాను, మనిషిని ఎలా తిప్పను? అతనే లేచి, కుర్చీ తీసి మా ఆయనకి బాగా కుడిపక్కన వేసుకుని, రెండో చెంప ఆయన కళ్ళకి ఎదురయ్యేలా మళ్ళి కూర్చున్నాడు. మా ఆయన ఆ చెంపని, అప్పుడే వచ్చిన ఇంకో మనిషిని చూసినట్టు చూశారు. మళ్ళీ బ్రష్షు అందుకున్నారు.

నేను ఫోనుకి ఛార్జింగు పెట్టాను.