రాణి శ్రుతి

"నా పెట్టె రెండు శ్రుతిలనే మోగుతది. నువ్వే గొంతు పెంచుకోవాలె," అన్నాడు ఏసయ్య, హార్మోనియం మీది చెయ్యి తీయకుండానే.

సీజను ముగిశాక పసుపు మార్కెట్ యార్డు వాళ్ళు ఏటా ఆడే నాటకంలో ఈసారి రాణి వేషం నాది. ఇదివరకు మీసాలు తీసేసుకుని మగవాళ్ళే ఆ వేషం కట్టేవారు. రాజు వేషం అడ్తి దుకాణం సుమన్‌ది. ఆయన గొంతుకు కుదిరిన రెండు శ్రుతి ఆడగొంతుకు మరీ ఎత్తు. అందులో నేను పాడితే, పద్యం పైకి వెళ్ళేసరికి పాట కాస్తా అరుపవుతోంది.

"నా పద్యాలకు మాత్రం శ్రుతి మార్చరాదు కాకా?" అన్నాను.

"పద్యం పద్యానికి మార్చుడు నాతోని కాదు. గంత కావాలంటె మీ అమ్మను కూసోవెట్టుకో."

ఆయన ఎత్తిపొడిచాడు. మా అమ్మ పెళ్ళికి ముందు నాటకాలకు హార్మోనియం వాయించేదని ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలుసు. మాటామాటా పెరిగి, ఏసయ్య పెట్టె భుజానేసుకుని కమ్మర్‌పల్లి బస్సెక్కాడు. సుమన్ నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"రాధొదినా, నువ్వే దిక్కు."

అమ్మ బీడీలు చుడుతోంది. చేటలోంచి తల ఎత్తలేదు. "ఎన్నేండ్లాయె సుమన్! మధ్యల తప్పువోయి ఆగితె అందరు నన్నే చూస్తరు. తల యాడ వెట్టుకోవాలె?"

మంచం మీద నాయనమ్మ భీమవ్వ ఇటు తిరిగింది. కొత్త కోడలు పుట్టింటి నుంచి పెట్టె తెచ్చుకుంటే, మగవాళ్ళ నడుమ కూర్చుని వాయిస్తుందా అని దాన్ని అటకెక్కించింది ఈమే.

"పోరాదు? ఊకె బతిమాలించుకుంటవేందే," అంది.

అమ్మ చేతిలో బీడీ ఆగింది. "అప్పుడు వద్దన్నదెవరు అత్తమ్మా?"

"నేనెన్నడు వద్దన్న? నువ్వే మానుకుంటివి."

సుమన్ నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. అమ్మ చేట పక్కన పెట్టి, అటక మీది పెట్టె దించమని నాకు సైగ చేసింది.

పెట్టె గాలితిత్తికి చిల్లులు పడ్డాయి. అతుకులు వేయించాం. మొదట్లో అమ్మ వేళ్ళు బిగుసుకుపోయేవి, తప్పులు పోయేవి. వదల్లేదు. రాజు పద్యం ముగిసి నా పద్యం మొదలయ్యేలోపు చిన్న స్వరాల వరసొకటి వాయించి, రెండు నుంచి, నాకు దానికంటే దిగువన పడే ఐదున్నర శ్రుతికి నన్ను తీసుకెళ్ళేది.

"నన్ను జూడకు బిడ్డా. పెట్టెను ఇను. అదే నిన్ను దారిల వెడ్తది," అనేది.

నాటకం నాడు పరదా వెనక కూర్చుంటానంది.

"ఎనుక కూసుంటె మేం నీకెట్ల కనవడ్తం వదినా? పెట్టె ముంగటనే ఉండాలె," అని సుమన్ ఆమెను స్టేజీ పక్కన, జనానికి ఎదురుగా కూర్చోబెట్టాడు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.

సభ సీను వచ్చింది. రాజు పద్యానికి ఈలలు. "వన్స్ మోర్!" సుమన్ రెట్టించిన ఉత్సాహంతో మళ్ళీ పాడాడు. ఈసారి ఈలలు ఆగనే లేదు. వాటి కింద అమ్మ వాయించిన వరస నాకు వినపడలేదు. తొందరపడి రాజు శ్రుతిలోనే ఎత్తుకున్నాను. రెండో మాటకే తెలిసిపోయింది. పైపాదంలో గొంతు పగలడం ఖాయం.

అమ్మ చెయ్యి హార్మోనియం మెట్ల మీది నుంచి తీసేసింది.

హార్మోనియం ఆగింది. నేనూ ఆగాను. జనమంతా అమ్మ వైపు చూస్తున్నారు. ఆమె దేనికి భయపడిందో అదే జరిగింది, జరిపింది కూడా ఆమే. కొంగు వెనక్కి తోసి, నా కళ్ళలోకి చూస్తూ ఒక్క మెట్టు నొక్కింది. తొందరేమీ లేనట్టు నొక్కిపెట్టే ఉంచింది. ఐదున్నర.

రాణికి కోపంతో మాట రావడం లేదనుకున్నారు జనం. ఈలలు అణిగాయి. నేను రాజు వైపు తిరిగి పద్యం మొదటినుంచి ఎత్తుకున్నాను. పైపాదం వచ్చింది. గొంతు దాన్ని అందుకుని, ఇంకా పైకి పోగలనన్నట్టు నిలిచింది.

యార్డంతా లేచింది. ముందు వరసలో నాయనమ్మ పక్కావిడ భుజం పట్టి ఊపేస్తోంది. "గా పెట్టె కాడ కూసున్నది మా కోడలే! నేనే తోలిన!"

"వన్స్ మోర్!" మళ్ళీ అరుస్తున్నారు. సుమన్ అమ్మ వైపు చూశాడు. నేనూ చూశాను. మళ్ళీ పాడించాలా, ముందుకు పోవాలా అన్నది ఇప్పుడు ఆమె ఇష్టం.

అమ్మ జనాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తీరిగ్గా చూసింది. కొంగు భుజాన దోపుకుని, తిత్తి అదిమింది.

"పాడు బిడ్డా," అంది.