ఏడో నెంబరు చెయ్యి

కాజీపల్లిలో మా కంపెనీ గోడ మీద మందుల పేర్లే ఉంటాయి. లోపల ఆ మందులు పరీక్షించే పన్నెండు కోతులున్నాయని దారిన పోయేవాళ్లకు తెలియదు. ఆరేళ్లుగా వాటి తిండీ నీళ్లూ చూసేది నేనే. పేరు జులేఖా, చదువు ఏడో తరగతి. కోతుల విషయంలో మాత్రం నా మాటకు తిరుగులేదు.

నేను చేరిన కొత్తలో రక్తం తీయాలంటే ఒకటే పద్ధతి. బోను వెనక గోడకు ఒక పిడి ఉంటుంది. అది లాగితే గోడ ముందుకు జరిగి కోతిని ఊచలకు అదిమేస్తుంది. ఆ అరుపు విన్నరోజు నాకు అన్నం సహించేది కాదు. రెండేళ్లు ఓపిక పట్టి వాటికి వేరే పద్ధతి నేర్పాను. ఊచల్లోంచి చెయ్యి చాపితే, సూది తీసిన వెంటనే గుప్పెడు పల్లీలు. ఒక్కరోజూ మాట తప్పలేదు. పిడులు తుప్పు పట్టాయి.

మొన్న మురళీమోహన్ అని కొత్త డాక్టర్ వచ్చాడు.

"ఈ మందుకి కడుపు ఖాళీగా ఉండాలి జులేఖమ్మా. ఒకసారి రక్తం తీశాక రెండు గంటలాగి మళ్లీ తీయాలి. మధ్యలో ఒక్క గింజ కూడా పెట్టకూడదు."

"పెట్టకుంటే రెండోపారి చెయ్యియ్యది సార్."

"ఇవ్వకపోతే పిడి లాగుదాం. ఒక్కటి మొండికేసినా ఇక పన్నెండింటికీ అదే."

"ఏడో నెంబరుతోని మొదలువెట్టుండ్రి. నేను సూసుకుంట."

ఏడో నెంబరు ఆడకోతి, మహా గడుసుది. అది చెయ్యిస్తే మిగతా పదకొండూ ఇస్తాయి. నేను బేగం అంటాను. మొదటిసారి బుద్ధిగా చెయ్యి ఇచ్చింది. సూది తీశాక అరచేయి తెరిచి ఎదురుచూసింది. నా ఖాళీ చెయ్యి చూసింది, నా ముఖం చూసింది, వీపు తిప్పి కూర్చుంది. నా ప్రాణం ఉసూరుమంది. డాక్టరేమో నూనె డబ్బా తెప్పించి పిడికి వేయిస్తున్నాడు.

ఆ వీపు చూస్తే నా కూతురు మదీహా గుర్తొచ్చింది. అదీ అలిగితే ఇట్లాగే కూర్చుంటుంది. నేను బతిమాలను. వెనక చేరి జడ విప్పి పేలు చూస్తాను. దాని తలలో పేలుండవు, అది వేరే సంగతి.

స్టూలు లాక్కుని, చేతి తొడుగులతోనే ఊచల్లోంచి బేగం వీపు మీద వెంట్రుకలు పాయలు తీయడం మొదలుపెట్టాను. అరగంట బిగుసుకునే ఉంది. తర్వాత మెడ వంచింది. ఇంకాసేపటికి చెయ్యెత్తి చంక చూపించింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు డాక్టర్.

"పేలు సూస్తున్న సార్."

"దానికి పేలున్నాయా?"

"లెవ్వు. గా సంగతి దానికి గూడ ఎరుకే."

రెండు గంటలు గడిచాయి. డాక్టర్ పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "బేగం" అని పిలిచాను. ఇటు తిరిగింది. సూది వైపు చూసింది, నా వైపు చూసింది. మెల్లగా చెయ్యి చాపింది.

రక్తం గొట్టంలోకి దిగాక డాక్టర్ పిడి వదిలేశాడు.

"గా పిడి ఊడదీపియ్యుండ్రి సార్. ఇగ దాంతోని పనిలేదు," అన్నాను. ఆయన ఫిట్టర్‌కి ఫోన్ చేశాడు.

నేను రెండు గుప్పెళ్ల పల్లీలు పోశాను. బేగం దవడ నిండా కుక్కుకుని, ఊచల్లోంచి చెయ్యి చాపి నా చేతి తొడుగు మీద పేలు వెతకసాగింది. గెలిచాను, నవ్వాలి. నాకు ఏడుపొచ్చింది. అది పేలు వెతుకుతున్న ఈ చెయ్యే కదా దాన్ని నమ్మించి సూది గుచ్చించింది.