అచ్చం ఇలాంటిదే

బావ ఫోటో పంపేసరికి నేను మ్యూజియంలో సాలీళ్ల సీసాలకు చీటీలు అంటిస్తున్నాను. వెంటనే ఫోనూ వచ్చింది.

"మరదలా, మీ అక్కని బూటులో సాలీడు కరిచింది. ఆసుపత్రిలో ఉన్నాం. అది ఏ రకమో తేలితే ఇంటికి పంపాలో, ఉంచుకోవాలో చెప్తానంటున్నాడు డాక్టరు. పదేళ్లుగా వాటి మొహాలే చూస్తున్నావుగా, తొందరగా చెప్పు!"

మా దగ్గర నేల మీద తిరిగే గోధుమరంగు సాలీళ్లు రెండు రకాలు. పైనుంచి చూస్తే కవలలే. ఒకటి కరిస్తే చీమ కుట్టినంత. రెండోది కరిస్తే మొదట ఏమీ తెలియదు. తర్వాత చర్మం నల్లబడి కుళ్లుతుంది, ఒక్కోసారి కిడ్నీల మీదికొస్తుంది. రంగును నమ్మకూడదు, కళ్లు లెక్కపెట్టాలి. మొదటిదానికి ఎనిమిది, రెండోదానికి ఆరు.

ఫోటో పెద్దది చేశాను. ఎంత స్పష్టంగా ఉందో! రెండు వరుసల్లో నాలుగేసి కళ్లు. వెనక దారం తీసే గొట్టాలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

"భయం లేదు. డాక్టరుకి చెప్పి ఇంటికి తీసుకెళ్లండి" అన్నాను. బావ హమ్మయ్య అని ఫోను పెట్టేశాడు.

మళ్లీ జిగురు డబ్బా తీశానే గానీ చెయ్యి ఆడలేదు. మా బావ ఫోటో తీస్తే మనుషులకే తలకాయలుండవు. సాలీడుకి కళ్లెలా వచ్చాయి?

రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"బావా, ఆ ఫోటో మీరే తీశారా?"

"నేనెక్కడ తీశాను? నెట్‌లో దొరికింది. అచ్చం ఇలాంటిదే!"

"ఇలాంటిదా? ఇదే కాదా?"

"అబ్బా, రెండూ ఒకటేగా."

"నీ మొహం ఒకటే! అసలుదేదీ?" మర్యాద, మన్నన ఎగిరిపోయాయి.

"బూటు అడుగుతో కొట్టేశాను. అక్కడే అతుక్కుని ఉంటుంది. కారులోనే ఉంది బూటు, సగం దారిలో ఉన్నాం."

"బండి పక్కకి ఆపు. బూటు తిరగేసి ఫోటో తియ్యి. వణక్కుండా!"

మొదటిది మసక. రెండోదాంట్లో బావ బొటనవేలు. మూడోదాంట్లో ఒళ్లు నుజ్జయింది గానీ తల మిగిలింది. జంటలు జంటలుగా కళ్లు. రెండు, రెండు, రెండు. ఇంకెక్కడా లేవు. మళ్లీ లెక్కపెట్టాను.

"వెనక్కి తిప్పు బావా, వెంటనే తిప్పు."

కారు గిర్రున తిరిగిన చప్పుడు ఫోనులో వినిపించింది.

బావని తిట్టి ఏం లాభం? ఎవరు ఫోటో తెచ్చినా నేను మొదట అడిగేది ఒకటే, ఎక్కడ తీశారని. సొంత అక్క దగ్గరికొచ్చేసరికి అదే అడగలేదు. తప్పు నాదే.

మూడో రోజు అక్క ఆసుపత్రి మంచం మీంచి ఫోను చేసింది. కాలికి కట్టు, చర్మం కొంత పోయింది. కిడ్నీలు మాత్రం దక్కాయి.

"దానికెన్ని కళ్లే?" అంది నీరసంగా.

"ఆరు."

"నీకు రెండున్నాయి కదే, తల్లీ."

నవ్వుదామనుకున్నాను. ఏడుపొచ్చేసింది.