లెక్కపెట్టినవాణ్ణి అడగకూడదు

అరబ్బు దేశంలో బతా బజారుకు కాస్త అవతల, కంపెనీ క్యాంపులో తెలుగువాళ్ల తగాదాలు తీర్చేది అంజన్న. సిరిసిల్ల వైపు తాపీమేస్త్రి. చదువు సంతకం వరకే. కూర దగ్గర గొడవైనా, మంచం చోటు దగ్గర గొడవైనా, ముందు ఇద్దరినీ ఒకే పళ్ళెంలో తినమనేవాడు. తిన్నాకే మాట వినేవాడు. చాలాసార్లు చెయ్యి కడుక్కునేసరికే గొడవ సగం తగ్గిపోయేది.

స్టోరు గుమాస్తా జనార్దన్‌కు ఇది చూస్తే ఒళ్లు మండేది. అతను బీకాం. ఇంగ్లీషు కాగితాలు, ఈ దేశంలో ఉండటానికి కావలసిన అకామా పత్రాలు రాసేది అతను, మేనేజరు ముందు నిలబడి మాట్లాడేది అతను. అయినా మనుషులు కష్టం వస్తే స్టోరు కిటికీ దాటుకుంటూ అంజన్న మంచం దగ్గరికి పోయేవాళ్లు. ఊరికి పోయేవాడు పాస్‌పోర్టు జనార్దన్ చేతి నుంచి తీసుకుని, వెళ్లొస్తానని మాత్రం అంజన్నకు చెప్పేవాడు.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో విషవాయువు వస్తుందన్న భయంతో గదుల కిటికీలకు ప్లాస్టిక్ కప్పి టేపు అంటించారు. యుద్ధం ఆగినా తన గదిలో జనార్దన్ దాన్ని తీయనివ్వలేదు. పక్క మంచం మీది కడప డ్రైవరు మహబూబ్ బాషాకు ఆయాసం. తగాదా అంజన్న దగ్గరికి వచ్చింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు.

"లడాయి అయిపోయింది పంతులూ," అన్నాడు అంజన్న జనార్దన్‌తో. "గాలికి గూడ అకామా కావాల్నా? రానియ్యి."

అందరూ నవ్వారు. జనార్దన్ తన చేతులతోనే టేపు ఊడదీశాడు. టేపు పోయింది కాని ఆ నవ్వు అతన్ని వదల్లేదు.

ఏటా ఈద్ సెలవుల్లో క్యాంపులో ఒక ఆనవాయితీ ఉండేది. పోటీ ఉండదు. అంజన్న పెద్దగా ఉండాలా, దిగాలా అన్నదొక్కటే ప్రశ్న. ఉండాలనుకున్నవాడు పిడికిలి మూసి కుండలో ఖర్జూరం గింజ వేస్తాడు, వద్దనుకున్నవాడు చింతగింజ. అందరికంటే చివర తగాదా ఓడినవాడు వంటగదిలో తలుపేసుకుని లెక్కపెట్టాలి. గింజలు నీళ్లు పోయే మోరీలో పారబోసి బయటికొచ్చి ఒక్క మాట చెప్పాలి. ఎన్ని అని చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. ఎవరి మీదా కక్ష పెరగకూడదని అంజన్నే పెట్టిన పద్ధతి అది.

ఆ యేడు చివర ఓడినవాడు జనార్దన్.

అంతకుముందు నెల్లాళ్లూ అతను ఊరుకోలేదు. చదువుకున్నవాడు ఉంటే కంపెనీ కూడా భయపడుతుందని గది గదికీ తిరిగి చెప్పాడు. విన్నవాళ్లు తలలూపారు. ఇప్పుడు కుండ బోర్లిస్తే ఖర్జూరం గింజలు గుట్టగా పడ్డాయి. చింతగింజలు గుప్పెడు కూడా లేవు.

వంటగది కిటికీలోంచి చూశాడు. అంజన్న బయట సిమెంటు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. పక్కనే బాషా తన గ్లాసులోని చాయ్ సగం ఆయన గ్లాసులోకి వంచుతున్నాడు. ఇన్నేళ్లు ఒకే గదిలో ఉన్నా బాషా తనకెప్పుడూ అలా పోయలేదు.

జనార్దన్ గింజలన్నీ మోరీలో పోసి, తలుపు తీసి అన్నాడు.

"దిగాలె."

అంజన్న లేచి లుంగీ దులుపుకున్నాడు.

"మంచిది. నడుముకు సెలవు దొరికింది. ఇగ నన్నడిగితే పంతులును కూసోబెట్టుండ్రి. సదువుకున్నోడు."

"మళ్లా కుండ పెట్టాల కదా," అన్నాడు బాషా. "ఈసారి లెక్క ఎవరిది?"

"ఆఖరుకు ఓడింది నేనే గద," అన్నాడు అంజన్న. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

ఇప్పుడు బోర్లించిన బకెట్టు మీద జనార్దన్ కూర్చున్నాడు. మనుషులు ఒక్కొక్కరే లోపలికి పోయి వస్తున్నారు. ఒక్కరూ అతని కళ్లలోకి చూడలేదు. అన్నీ చింతగింజలే పడుతున్నాయని అతనికి అనిపించింది. అంతలో బాషా వచ్చి అతని చేతిలో గ్లాసు పెట్టాడు.

"తాగు సామీ. మొగమంతా పీక్కపోయింది."

అంజన్న చాలాసేపు లోపలే ఉన్నాడు. తడి చేతులతో బయటికి వచ్చాడు.

"ఉండాలె," అన్నాడు.

జనార్దన్ గుండె పొంగింది. కోరుకున్న కుర్చీ దొరికింది. కాని లోపలికి గ్లాసు పెట్టడానికి పోయినప్పుడు ఒక్క గింజా మిగలని తడి మోరీ కనిపించింది. తలుపేసుకుని ఒక మాటకు బదులు ఇంకో మాట చెప్పడం ఎంత సులువో ఈ క్యాంపులో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అంజన్న నల్లా దగ్గర చేతులు తుడుచుకుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"నిజం చెప్పు అన్నా. నా కుండల ఏ గింజలు ఎక్కువున్నయి?"

"లెక్కపెట్టినోన్ని అడగొద్దు పంతులూ," అన్నాడు అంజన్న మెల్లగా. "నేను నిన్ను అడిగిన్నా?"

తువ్వాలు భుజాన వేసుకుని గదిలోకి పోయి పడుకున్నాడు.

కాసేపటికి ఇద్దరు వంటవాళ్లు గొడవపడుతూ వచ్చి కొత్త పెద్ద ముందు కూర్చున్నారు. జనార్దన్ వాళ్ల మధ్య పళ్ళెం పెట్టాడు. వాళ్లు తింటున్నంతసేపూ పక్క గదిలోంచి అంజన్న గురక వినిపించింది. ఓడినవాడికి అంత నిద్ర ఎలా పట్టిందా అని జనార్దన్ వింటూ కూర్చున్నాడు.