వక్తగారు ఆట ఆడిన తరువాత

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే గోపీనాథ్ గారికి చుట్టుపక్కల పేరు తెచ్చిపెట్టింది తెలుగు కాదు, వీడియో గేములు. వాటిని ఆయన ఎన్నడూ ఆడలేదు. తిట్టేవారు. ఎంత బాగా తిట్టేవారంటే, తణుకు నుంచి కైకలూరు దాకా ఏ స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టినా ముందు ఆయన ఖాళీ ఎప్పుడో కనుక్కుని, ఆ తరువాతే తేదీ పెట్టుకునేవారు.

ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే. ముందు కళ్లు పోతాయనేవారు, తరువాత మణికట్టు, ఆపైన నడవడిక, చివరికి తెలుగు భాష. మధ్యలో గొంతు పెంచి, "తెరమీద కోటలు గెలిచే మహావీరుడండీ మనవాడు! పెరట్లో బక్కెట్టు నీళ్లు తోడరా అంటే నడుం పట్టేసిందంటాడు!" అనగానే తల్లులు ఒకళ్ల భుజం ఒకళ్లు తట్టుకుని నవ్వేవారు. ముగింపులో గొంతు తగ్గించి, తన కూతురు ఉషశ్రీ సంగతి చెప్పేవారు. ఇంట్లో గేము అన్న మాట వినపడకుండా పెంచారనీ, అందుకే ఇంజినీరింగు ప్రవేశ పరీక్షలో అంత మంచి ర్యాంకు వచ్చిందనీ, ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేసుకుంటోందనీ. అప్పుడు చప్పట్లు. ఆ తరువాత శాలువా.

ముదినేపల్లిలో ఒక స్కూలుకు వెళ్లినప్పుడు చప్పట్లు ఆగాక, వెనక బెంచీలో బ్లెస్సీ అనే అమ్మాయి లేచి నిలబడింది. ఎగతాళికి లేచిన పిల్లలా లేదు. చేతులు కట్టుకుని, "సారండీ, ఒక్క డౌటండీ. మీరు ఏ గేము ఆడారండీ?" అంది.

"సీసామీద విషం అని రాసుంటే, తాగి చూస్తామా అమ్మా?" అన్నారు గోపీనాథ్ గారు తడుముకోకుండా.

హాలు హోరెత్తిపోయింది. ఆ పిల్ల కూర్చుంది. హెడ్‌మాస్టరు ఆనందం పట్టలేక ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. గోపీనాథ్ గారికి మాత్రం ఆ రోజు పెట్టిన పులిహోర సహించలేదు. ఎందుకంటే ఆ పొద్దున్నే కాలేజీలో ఆయన ఒక కుర్రాణ్ణి నిలబెట్టి చివాట్లు వేసి వచ్చారు. ఆ కుర్రాడు చదవని పద్యాన్ని బాగాలేదన్నాడు. "చదవకుండా అభిప్రాయం చెప్పడం సంస్కారం కాదు నాయనా" అన్నారు ఆయన. ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే బ్లెస్సీ లేచింది.

ఆదివారం ఉషశ్రీ ఇంటికి వస్తే, భార్య వీరదుర్గ గారు వంటింట్లో ఉన్నప్పుడు చూసి, దొంగతనంగా అడిగినట్టు అడిగారు.

"అమ్మాయ్, మీ ఆఫీసులో గేములాడేవాళ్లెవరైనా ఉంటే, ఒక మంచిదేదో కనుక్కుని చెప్పు. ఊరికే, పరిశీలనకి."

ఉషశ్రీ చదువుతున్న పేపరు మడిచింది. "ఆఫీసులో వాళ్లనెందుకు నాన్నగారూ? నన్నడగండి."

"నీకేం తెలుసు?"

"ఇంటర్లో ఉన్నప్పటినుంచీ ఆడుతున్నానండి."

గోపీనాథ్ గారు కుర్చీలో కాస్త వెనక్కి జరిగారు. "ఈ ఇంట్లోనా?"

"ఈ గదిలోనే. మీరు ఉపన్యాసాలకి వెళ్లినప్పుడు. ర్యాంకొచ్చిన ఏడాది మీరు మరీ ఎక్కువ ఊళ్లు తిరిగారు కదా, అప్పుడు బాగా ఆడానండి."

వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది. వీరదుర్గ గారికి ఇదంతా ముందే తెలుసునని ఆ నిశ్శబ్దాన్ని బట్టి ఆయనకు అర్థమైంది. కోప్పడదామనుకున్నారు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ ర్యాంకు గురించి ఆయన చెప్పని ఊరు లేదు.

ఉషశ్రీ వెళ్తూ వెళ్తూ తన పాత లాప్‌టాప్, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలరు వదిలి వెళ్లింది. అందులో ఒక ఆట పెట్టింది. పేరు ఇంగ్లీషులో ఉంటే గోపీనాథ్ గారు దాన్ని 'ఉప్పుదీవి' అని తెలుగు చేసుకున్నారు. కథ చిన్నదే. సముద్రం పెరిగి ఒక దీవి మునిగిపోతూ ఉంటుంది. ఒక ముసలి పడవవాడు ఊరి జనాన్నీ సామాన్లనీ విడతలు విడతలుగా అవతలి ఒడ్డుకు చేర్చాలి. ఆ ముసలివాడే మనం.

మొదటి రోజంతా గోపీనాథ్ గారికి ఆ ముసలివాణ్ణి సముద్రంలోకి నడిపించడమే సరిపోయింది. ఒక బొత్తాం నొక్కబోయి ఇంకోటి నొక్కేవారు. బియ్యం ఏరుకుంటూ చూస్తున్న వీరదుర్గ గారు, "ఏవండీ, మళ్లీ మునిగిపోయాడా?" అని అడిగేవారు, ఇరుగుపొరుగు వాళ్ల క్షేమం అడిగినట్టు.

రెండో వారానికి చేయి కుదిరింది. పడవ తుంగల మధ్య నుంచి వెళ్లేటప్పుడు వినిపించే నీటి చప్పుడు ఆయన్ని కట్టిపడేసింది. ఆయన అమ్మమ్మగారిది కొల్లేటికోట. చిన్నప్పుడు తాటిదోనెలో కూర్చుంటే, గెడ వేసినప్పుడల్లా అడుగున ఇదే చప్పుడు. ఇప్పుడక్కడ చేపల చెరువుల గట్లు తప్ప తుంగ కూడా సరిగా కనపడదు. "ఈ చప్పుడు పెట్టినవాడెవడో గానీ, నీళ్లమీద బతికినవాడే" అన్నారు. భార్యకు చెప్పారో తనకు తానే చెప్పుకున్నారో తెలియదు.

చివరి విడత వచ్చింది. పడవలో చోటు ఒక్కదానికే ఉంది. ఒడ్డున విత్తనాల మూట, దాని పక్కన ఒక కుంటికుక్క. మొదటినుంచీ ముసలివాడి వెంట తిరిగిన కుక్క. గోపీనాథ్ గారు సేద్యం చేసే ఇంట పుట్టినవారు. పెద్దగా ఆలోచించలేదు, మూట ఎక్కించారు. కుక్క మొరగలేదు. ఒడ్డున కూర్చుని చూస్తూ ఉండిపోయింది. పడవ సాగేకొద్దీ చిన్నదైపోయింది.

ఆయన కంట్రోలరు కింద పెట్టి పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చారు. మళ్లీ వెళ్లి మొహం కడుక్కున్నారు.

"ఏమైందండీ?" అన్నారు వీరదుర్గ గారు.

"వదిలేశాను."

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆయన కరుణరసం పాఠం చెబుతూనే ఉన్నారు. కొన్ని ఘట్టాలు చెబుతూ క్లాసులోనే కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి. కానీ ఎన్నడూ సిగ్గుపడలేదు. కథలో ఎవరు ఎవరిని వదిలేసినా ఆ తప్పు పాత్రది, లేకపోతే రాసినవాడిది. ఇక్కడ తప్పు తనది. తన బొటనవేలిది. ఏ పుస్తకమూ తనని ఇలా ముద్దాయిగా నిలబెట్టలేదు కదా అనుకున్నారు. ఆటకున్న ఈ గుణం మామూలుది కాదు.

మర్నాడు తెలిసిన సంగతేమిటంటే, ఆటలో వెనక్కి వెళ్లవచ్చు. వెళ్లి కుక్కను ఎక్కించుకున్నారు. అవతలి ఒడ్డున ఆ ఏడు పంట లేక జనం పస్తులున్నారని ఆట ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. మళ్లీ వెనక్కి వెళ్లి మూట ఎక్కించారు. కుక్క మళ్లీ అలాగే చూసింది. ఇంకోసారి కుక్క. ఇంకోసారి మూట. మధ్యాహ్నానికి కుక్క చూపూ పట్టలేదు, జనం ఆకలీ పట్టలేదు. వెనక్కి తిప్పుకోగలిగిన పశ్చాత్తాపం పశ్చాత్తాపమెలా అవుతుంది? ఇంత మంచి దెబ్బ కొట్టి, దానికి మందు కూడా చేతిలోనే పెట్టేశాడే ఈ మహానుభావుడు అని ఆట తయారుచేసినవాడి మీద నిజంగా కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా వేదికల మీద తెచ్చిపెట్టుకున్న కోపంలాంటిది కాదు ఇది.

మాటల విషయంలోనూ ఆయనకు పేచీ ఉంది. ఆ దీవిలో ఎవరిని పలకరించినా ఏదో పని చెబుతారు. "మా అమ్మ మునిగిపోయింది" అన్న మనిషి అదే నోటితో "నాకు కాస్త తాడు తెచ్చిపెట్టు" అంటుంది. "ఏడవనివ్వాలి కదయ్యా కాసేపు!" అని లాప్‌టాప్‌ను కేకలేశారు.

సరిగ్గా అప్పుడే ఏలూరు నుంచి సత్తిరాజు గారి ఫోను వచ్చింది. సత్తిరాజు గారు చేపల చెరువుల మీద సంపాదించి, ఆ పైన స్కూళ్లు పెట్టినవారు. జిల్లాలో ఎన్నడూ జరగనంత పెద్ద సభ పెడుతున్నాననీ, పిల్లలూ తల్లిదండ్రులూ అంతా వస్తున్నారనీ, ముఖ్యవక్త మీరేననీ చెప్పారు.

సభ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. వేదిక వెనక బ్యానరు మీద ఒక సెల్‌ఫోనుకు కోరలు పెట్టి, అది పసివాణ్ణి నమిలేస్తున్నట్టు బొమ్మ వేయించారు. సత్తిరాజు గారు మైకు అందిస్తూ చెవిలో, "ఆ బక్కెట్టు నీళ్ల ముక్క మర్చిపోకండేం. మా ఆవిడ దానికోసమే వచ్చిందండి" అన్నారు.

గోపీనాథ్ గారు ఆ ముక్క చెప్పలేదు. "ఇంతవరకూ నేను ఆడకుండా మాట్లాడానండి. ఈమధ్య ఒకటి ఆడాను. అందుకని ఇవాళ కాస్త తెలిసి మాట్లాడతాను" అని మొదలుపెట్టారు.

కుక్క సంగతి చెప్పారు. పుస్తకం చెయ్యలేని పని ఈ ఆట చేసిందన్నారు. పిల్లలు ఈలలు వేశారు. తల్లిదండ్రులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత, పశ్చాత్తాపాన్ని ఆ ఆట ఎలా చవక చేసేసిందో, అందులో మనుషుల మాటలు ఎంత కృతకంగా ఉన్నాయో వివరించారు. ఈసారి పిల్లలకు నచ్చలేదు. ఆయన మాత్రం తన జీవితంలో ఇంత బాగా ఎన్నడూ మాట్లాడలేదని అనుకుంటున్నారు. బహుశా నిజమే.

ముందు వరుసలో ఒక తండ్రి లేచారు. "అదంతా సరేనండీ. ఇంతకీ ఆడనివ్వమంటారా, వద్దంటారా? ఆ ముక్క తేల్చండి ముందు."

"అది ఏ ఆట అన్నదాన్ని బట్టి ఉంటుందండి. పుస్తకాలన్నీ చదవనిమ్మంటామా? అన్నీ వద్దంటామా?"

"అంటే ఏమీ తేల్లేదన్నమాట" అని ఆయన కూర్చున్నారు.

ఆయన పక్కనున్న కొడుకు లేచాడు. "సారండీ, అసలు మీరు చెప్పింది గేమే కాదండి. అందులో గన్ కూడా లేదండి. అది ముసలోళ్లు ఆడుకునే గేమండి."

హాలంతా గొల్లుమంది. తండ్రి మురిసిపోయి కొడుకు వీపు తట్టారు. భోజనాలకు లేచినప్పుడు గోపీనాథ్ గారు వేదిక మీంచి చూశారు. అంతవరకూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్న తండ్రులూ కొడుకులూ భుజాల మీద చేతులు వేసుకుని, తన గురించే చెప్పుకుని నవ్వుకుంటూ వెళ్తున్నారు. ఇన్నేళ్ల ఉపన్యాసాలతో ఆయన సాధించలేకపోయిన సఖ్యత అది.

సత్తిరాజు గారు శాలువా కప్పలేదు. కవరుతో పాటు చేతిలో పెట్టి, "మీరు బాగా అలిసిపోయినట్టున్నారండి. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి" అన్నారు, ఎంతో మర్యాదగా.

సభకు వచ్చిన ఉషశ్రీ తండ్రితో పాటే తాడేపల్లిగూడెం రైలెక్కింది. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. కూతురు ఓదారుస్తుందేమోనని లోపల్లోపల ఎదురుచూశారు. భీమడోలు దాటాక ఆమె నోరు విప్పింది.

"ఆ వెనక్కి వెళ్లడం గురించి మీరు చెప్పింది తప్పు నాన్నగారూ."

"తప్పా?"

"మీరు కుక్క కోసం ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారు? పట్టనివాడైతే ఒక్కసారి కూడా వెళ్లడు కదండీ. మూట ఎక్కించేసి ముందుకు పోతాడు. మీకది చవకైపోయిందంటున్నారు. ఒక పొద్దంతా అదే ఒడ్డుకి తిరిగి తిరిగి వెళ్లిన మనిషికి ఏం చవకైందండీ?"

గోపీనాథ్ గారు సమాధానం వెతుక్కున్నారు. ఇన్నేళ్లలో ఏ సభలోనూ ఆయన సమాధానానికి తడుముకున్నది లేదు. గూడెంలో దిగేదాకా దొరకలేదు. ఆశ్చర్యమేమిటంటే, ఆయనకది అవమానంగా అనిపించలేదు. శాలువాల కాలంలో ఎవరూ ఆయనతో వాదించలేదు. చప్పట్లు కొట్టి భోజనాలకు వెళ్లిపోయేవారు.

తరువాత పిలుపులు ఆగిపోయాయి. తణుకు సభకు ఆయన బదులు ఫిజిక్సు చెప్పే ఎలీయాజరు గారిని పిలిచారు. ఎలీయాజరు గారు మంచివారు, మొహమాటస్థులు. స్టాఫ్ రూములో పక్కన కూర్చుని నసిగారు.

"ఏమనుకోకండి గోపీనాథ్ గారూ. నాకీ గేముల గురించి ఓనమాలు కూడా తెలియవండి. మీ పాత ఉపన్యాసం కాస్త ఇప్పిస్తారా?"

"తెలియకపోవడమే మీ బలమండి" అన్నారు గోపీనాథ్ గారు. ఎగతాళి అని ఎలీయాజరు గారు అనుకోలేదు. అనుకోకపోవడమే మంచిదైంది. బక్కెట్టు నీళ్ల దగ్గర ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో గోపీనాథ్ గారే రెండుసార్లు చేసి చూపించారు. తణుకులో ఎలీయాజరు గారికి శాలువాతో పాటు జ్ఞాపిక కూడా ఇచ్చారట.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం గోపీనాథ్ గారు ఇంటికి వచ్చేసరికి వీరదుర్గ గారు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. ఉషశ్రీ కొత్తగా పెట్టి వెళ్లిన ఆట. ఒక పాడుబడ్డ రైల్వే స్టేషనూ, అక్కడ దిగిన ఒక ఆడమనిషీ. ఆయన చెప్పులు విప్పి, కళ్లజోడు పెట్టుకుని పక్కన కుర్చీ లాక్కున్నారు.

"ఈ మాటలు మాత్రం బాగా రాశాడు. కాకపోతే ఆ స్టేషను మాస్టరు పాత్ర ఉంది చూశావూ..."

"ఏవండీ," అన్నారు వీరదుర్గ గారు తెరమీంచి కళ్లు తిప్పకుండా, "ఆవిడ ఏదో చెబుతోందండి. కాసేపు విననివ్వండి."