తిత్తికి రాసిన చేపనూనె

హల్‌వర్ ఇక ఎన్నాళ్లో బతకడన్న సంగతి ఆ దీవిలో హల్‌వర్‌తో సహా అందరికీ తెలుసు. తెలియనట్టు తిరుగుతున్నవాడు తమ్ముడు ఐవిన్ ఒక్కడే. వసంతం రాగానే ఆసుపత్రివాళ్లు ఇక చేసేదేమీ లేదని పెద్దాయన్ని ఇంటికి పంపేశారు. ఐవిన్ మాత్రం నయమైంది కాబట్టే పంపారన్నట్టు మాట్లాడేవాడు. హల్‌వర్ వినీ విననట్టు ఊరుకునేవాడు.

పెద్దాయన కోరిందల్లా ఒక్కటే. దీవి అవతల సముద్రంలో ఉన్న చిన్న తిప్ప మీద, ఈడర్ అనే సముద్రపు బాతులకి వాళ్ల తాత రాళ్లతో కట్టిన గూళ్లున్నాయి. ఏటా బాతులు గుడ్లు పెట్టడానికి గట్టెక్కే ముందు పాత నాచు తీసేసి, ఎండబెట్టిన కొత్త నాచు పరిచి, ఆ గూళ్లు సిద్ధం చేయాలి. ఒక్క ఏడు చేయకపోతే బాతులు వచ్చి చూసుకుని వెళ్లిపోతాయి, మరుసటి ఏడు అసలు రావు. తాత తర్వాత నాన్న, నాన్న తర్వాత హల్‌వర్ ఆ పని చూశారు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఆయనకి ఉన్నవల్లా ఆ బాతులే. ఈసారి కూడా తన చేత్తోనే నాచు పరిచి రావాలని ఆయన ఆశ.

అప్పటికే బాతులు ఒడ్డుకి దూరంగా నీళ్ల మీద గుంపులు కట్టాయి. పడవ చూస్తే ఇంకా గట్టు మీదే ఉంది.

ఆ పడవకి ఇంజన్ లోపలుంటుంది. దాని కాలు, అంటే నీళ్లలో పంకా తిప్పే భాగం, మాత్రం వెనక గోడకున్న రంధ్రంలోంచి బయటికొచ్చి నీళ్లలోకి దిగుతుంది. కాలు పక్కలకి తిరగాలి, పైకి లేవాలి, అయినా ఆ రంధ్రంలోంచి చుక్క నీరు లోపలికి రాకూడదు. అందుకని మధ్యలో మడతల రబ్బరు తిత్తి ఒకటుంటుంది, అచ్చం హార్మోనియం తిత్తిలాగే. అది చిరిగితే పడవ మునుగుతుంది. ఐవిన్ కాలు కిందికి దింపి పాత తిత్తిని వేళ్లతో సాగదీసి చూస్తే మడతల్లో అన్నీ పగుళ్లే. ఇంజన్ పొగ బయటికి పోయే చిన్న తిత్తి, నీళ్ల గొట్టాలు అంతకన్నా అన్యాయంగా ఉన్నాయి.

కొత్తవి తెప్పించాడు. షెడ్డు ముందు పడవ, దాని వెనక నేల మీద ఐవిన్, పక్కన దుప్పటి కప్పుకుని కుర్చీలో హల్‌వర్. గొట్టాలు, పొగ తిత్తి పేచీ పెట్టకుండా ఎక్కాయి. పెద్ద తిత్తి దగ్గర పని ఆగిపోయింది. ఇనుప అంచు మీదికి ఒకవైపు ఎక్కిస్తే రెండోవైపు ఊడి వచ్చేది. కొత్త రబ్బరు, దానికి తోడు చలి. వేళ్లు కొంకర్లు పోయి, మోకాళ్లు పట్టేసి, ఐవిన్ దాన్ని తిట్టని తిట్టు లేదు. హల్‌వర్ మాత్రం హాయిగా ఉన్నాడు. తమ్ముడు అవస్థ పడుతుంటే చూడటం ఆయనకి చిన్నప్పటినుంచీ ఇష్టమే.

"ఒరేయ్, షెడ్డులో నాన్న డబ్బా ఉంది, పట్రా," అన్నాడు చివరికి.

నాన్న డబ్బా అంటే కాడ్ చేపల కాలేయాలు కాచి తీసిన నూనె. ఆ ఒడ్డున దాన్ని దేనికి రాయరో చెప్పడం కష్టం. బూట్లకి, తాళ్లకి, చెక్కకి, తలుపు బందులకి, జలుబు చేస్తే పిల్లల నాలిక్కి కూడా అదే. డబ్బా మూత తీస్తే వీధి చివర పిల్లులు కూడా లేచి కూర్చుంటాయి.

తిత్తితో పాటు వచ్చిన కాగితం ఐవిన్ జేబులోనే ఉంది. అంచు పొడిగా తుడవాలి, దానికిచ్చిన జిగురే పుయ్యాలి, నూనెగానీ కొవ్వుగానీ తగలనివ్వకూడదు అని అందులో లావుపాటి అక్షరాల్లో ఉంది. అన్నకి చదివి వినిపించాడు.

"అది రాసినోడు ఎప్పుడైనా పడవెక్కాడంటావా?" అన్నాడు హల్‌వర్. నవ్వబోతే దగ్గొచ్చింది. వచ్చిన దగ్గు ఒక పట్టాన ఆగలేదు. ఆగాక తుడుచుకున్న గుడ్డని దుప్పటి కింద దాచుకున్నాడు.

ఐవిన్ ఆ గుడ్డ చూశాడు. పోయే మనిషితో వాదన దేనికి అనుకున్నాడు. అలా అనుకోవడం అదే మొదటిసారి. అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. వెళ్లి డబ్బా తెచ్చాడు.

నూనె తగలగానే తిత్తి సులువుగా జారి అంచు మీద కూర్చుంది. దాని చుట్టూ ఉక్కు పట్టీ లాంటి క్లిప్పు వేసి స్క్రూ గట్టిగా బిగించాడు. హల్‌వర్ దేశాన్ని గెలిచిన రాజులాగా కుర్చీలో వెనక్కి వాలాడు. నాన్నకి తెలిసినంత ఈ కాగితాల వాళ్లకేం తెలుస్తుందని సాయంత్రం దాకా అదే మాట. ఆ పూట ఆయన రొట్టె, చేపపులుసు మిగల్చకుండా తిన్నాడు. నెలల తర్వాత అన్న తిండి తినడం చూసి ఐవిన్ కూడా సంతోషపడ్డాడు. నిజంగానే సంతోషపడ్డాడు, దాచడం దేనికి.

పొరుగున ఉండే రన్వేగ్ తన ట్రాక్టరుతో పడవని నీళ్లలోకి దింపి పెట్టింది. ఐవిన్ రేవు చుట్టూ ఒక తిప్పు తిప్పి చూశాడు. లోపలంతా పొడిగా ఉంది. పొద్దున్నే బయల్దేరాలని అనుకున్నారు. కట్టేసిన పడవ కాలు రాత్రిపూట పైకెత్తి ఉంచడం అక్కడి అలవాటు. ఎత్తకపోతే ఆటు సమయంలో నీళ్లు తగ్గి రాయి తగులుతుంది. కిటికీలోంచి హల్‌వర్ కేకేసి అడిగాడు, కాలు ఎత్తావా అని. ఎత్తానన్నాడు ఐవిన్.

పొద్దున రేవుకి వెళ్లేసరికి పడవ ముక్కు ఒక్కటే తాడుకి వేలాడుతూ ఆకాశంలోకి చూస్తోంది. మిగతా అంతా నీళ్ల కింద ఉంది. నీళ్లు తోడే పంపు బ్యాటరీ ఉన్నంతసేపూ తోడి ఆగిపోయినట్టుంది. ఐవిన్ నడుము లోతు నీళ్లలో దిగి, చెయ్యి చాచి తడిమాడు. క్లిప్పు ఉన్నచోటే ఉంది, బిగించింది బిగించినట్టే ఉంది. కాలు పైకి లేచినప్పుడు తిత్తి సాగి, ఆ క్లిప్పు కిందనుంచే మెత్తగా జారిపోయింది. చుట్టూ నీళ్ల మీద నూనె రంగురంగుల తెట్టు కట్టి ఉంది. ఆ చన్నీళ్లలో నిలబడి అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంట్లో హల్‌వర్ తయారై కూర్చున్నాడు. ఉన్ని చొక్కా తొడుక్కున్నాడు. ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టాడు. కాళ్ల దగ్గర ఎండు నాచు బస్తా ఉంది. ఆ బస్తా అక్కడిదాకా ఎలా ఈడ్చుకొచ్చాడో ఆయనకే తెలియాలి.

"పడవ మునిగిందన్నయ్యా," అన్నాడు ఐవిన్. "క్లిప్పు సరిగ్గా బిగించలేదు నేను."

హల్‌వర్ తమ్ముడి తడిసిన బట్టలకేసి చూశాడు.

"ఒక్క స్క్రూ," అన్నాడు. "ఒక్క స్క్రూ బిగించడం చేతకాలేదురా నీకు."

ఐవిన్‌కి నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే తన పరువు దక్కుతుంది, అన్నకి మాత్రం తన గూళ్లు తనే పాడుచేసుకున్నానన్న బాధ మిగులుతుంది. మింగేశాడు.

రన్వేగ్ తన పడవ తీస్తానంది. కానీ ఆ మధ్యాహ్నమే నైరుతి గాలి లేచింది. వారం దాటినా తగ్గలేదు. ఆ గాలిలో తిప్ప దగ్గరికి ఏ పడవా పోలేదు. గాలి తగ్గే నాటికి హల్‌వర్ మంచం మీద లేచి కూర్చోలేకపోతున్నాడు. రన్వేగ్ ఒక్కతే వెళ్లి చూసి వచ్చింది. గూళ్లలో నిరుటి నాచు కుళ్లి ఉంది, ఒక్క బాతూ లేదు. ఆ మాట ఐవిన్‌కి వాకిట్లోనే చెప్పి లోపలికి రాకుండా వెళ్లిపోయింది.

పెద్దాయన బాతుల సంగతి అడగలేదు. అసలు తమ్ముడితో మాట్లాడటమే మానేశాడు. పెదాలు తడిపితే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. తమ్ముడు పుట్టినప్పటినుంచీ తిట్టిన నోరే అది. ఇప్పుడు తిట్టకపోయేసరికి ఐవిన్‌కి ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. ఒక్క తిట్టు తిట్టు అన్నయ్యా అని అడుక్కోవాలనిపించేది.

పోయే ముందు రోజు మాత్రం హల్‌వర్ కళ్లు తెరిచి, చేత్తో దగ్గరికి రమ్మన్నాడు. ఐవిన్ చెవి ఆనించాడు.

"క్లిప్పు తప్పు కాదురా," అన్నాడు. "పడుకుని ఆలోచించాను."

ఐవిన్ ఇంకా దగ్గరికి వంగాడు.

"నూనె సరిపోలేదు. పిసినారివి నువ్వు. నాన్న డబ్బా నీకే ఇస్తున్నా. ఈసారి దండిగా రాయి."

"అలాగే అన్నయ్యా," అన్నాడు ఐవిన్. "దండిగా రాస్తాను."