వదిన కుడిభుజం

మా వదినతో వాదించి నెగ్గినవాళ్లు మా ఇంట్లో లేరు. మా అన్నయ్య అయితే ఆ ప్రయత్నం మానేసి చాలా కాలమైంది. ఆవిడ పనిచేసేది బిస్కెట్ల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్లో. సాయంత్రమైతే ఫ్యాక్టరీ మహిళల వాలీబాల్ జట్టుకు కెప్టెన్. ఆవిడ గాల్లోకి లేచి స్మాష్ కొడితే, బంతిని ఆపడం మాట అటుంచి ముఖం కాపాడుకుంటే చాలనుకునేవారు అవతలివాళ్లు.

అలాంటి మనిషి జడ వేసుకోవడానికి చెయ్యెత్తలేక కూతుర్ని పిలవడం నా కంటబడింది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు, పట్టేసింది. లాగితే అదే వదులవుతుంది."

లాగడమంటే టీ విరామంలో సరుకుల ర్యాక్ పైకమ్మీ పట్టుకుని వేలాడడమట! ఆ జట్టులో ఎవరికి భుజం నొప్పి పుట్టినా ఇదే వైద్యం. ఒకరు వేలాడుతుంటే ఇంకొకరు నడుము పట్టుకుని కిందికి లాగుతారు. ఆడపడుచు ఫిజియోథెరపిస్టన్న సంగతి మాత్రం మహాతల్లికి గుర్తు రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎడమచెయ్యి పట్టుకుని నా క్లినిక్‌కు లాక్కుపోయాను.

కుడిచెయ్యి పక్కనుంచి పైకెత్తమంటే, నడుము ఓ పక్కకు వంచి ఎత్తేసింది.

"ఆ వేషాలు నా దగ్గర కాదు. నిటారుగా కూర్చో."

"అబ్బో, డాక్టరమ్మ!"

ఈసారి చెయ్యి భుజం ఎత్తుకు రాకముందే ఆగిపోయింది. నేను పట్టుకుని లేపాను. చెవిదాకా ఇబ్బంది లేకుండా వెళ్లింది. మెల్లగా దించుతూ సగంలో వదిలేశాను. చెయ్యి దభీమని వాలిపోయింది. వదిన పెదవి కొరుక్కుంది.

"పట్టేసిన భుజమైతే నేనెత్తినా లేవదు వదినా. ఇది లేస్తోంది, నువ్వే నిలపలేకపోతున్నావ్. కండని ఎముకకి పట్టి ఉంచే పట్టీ లోపల చిరిగినట్టుంది."

స్కాన్‌లో అదే తేలింది. సగమే చిరిగింది కాబట్టి విశ్రాంతి, ఆ తర్వాత వ్యాయామాలతో కుదుటపడే అవకాశం బాగా ఉంది. పూర్తిగా తెగితే ఆపరేషనే. ఆపైన మళ్లీ స్మాష్ కొడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ ఆదివారమే సబ్బుల ఫ్యాక్టరీతో ఫైనల్.

"ఆడకూడదు, అంతేనా?"

"అంతే."

వాదించలేదు. నాకు భయం వేసింది అందుకే.

ఆదివారం బెంచీ మీద కూర్చుని, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. చివరి సెట్టులో మావాళ్లు వెనకబడ్డారు. కోచ్ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. "కెప్టెన్! కెప్టెన్!" అని జనం ఒకటే గోల. వదిన లేచి, జనంలో ఉన్న నావైపు చూసింది. నిజం చెప్పొద్దూ, ఆ హోరులో నా చదువంతా ఎగిరిపోయింది. ఒక్క స్మాష్‌కే ఏం మునిగిపోతుందిలే అనిపించి, ఆడమన్నట్టు తలూపేశాను.

ఆవిడ కోచ్ వైపు తిరిగి, తల అడ్డంగా ఊపి కూర్చుండిపోయింది.

ఓడిపోయాం. బయట మెట్ల మీద కూలబడి వదిన భోరుమంది. కాన్పులో కూడా అంతగా ఏడవలేదు. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక, వెళ్లి పక్కనే కూర్చున్నాను.

"నేను ఊ అన్నాగా వదినా. మరెందుకు దిగలేదు?"

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు ఇవాళ్టి ఆట చూసి ఊ అన్నావే పిచ్చిమొద్దూ. నాకింకా చాలా ఏళ్లు ఆడాలనుంది."